దారి చూపని మార్గదర్శి

అటవీ పర్యాటక శాఖలో ప్రత్యేకాధికారి సత్యానందప్రసాద్ గారు ఆఫ్రికాలో పదిహేడు రోజులు అధ్యయనం చేసి మూడు వస్తువులతో తిరిగొచ్చారు. ఒకటి వెడల్పు అంచుల టోపీ. రెండోది చెక్క జిరాఫీ. మూడోది ఒక ఆలోచన. టోపీ ఆయన నెత్తిన, జిరాఫీ ఆయన బల్ల మీద ఉండిపోయాయి. ఆలోచన మాత్రం రాజధానిలో ఆగకుండా నేరుగా సుద్దవాగు అభయారణ్యానికి వచ్చి ఈదన్న మీద పడింది.

ఈదన్న అంటే చిగుర్ల ఈదన్న. ఇరవైరెండేళ్లుగా సుద్దవాగులో రోజుకూలీ మీద గైడుగా పనిచేస్తున్న చెంచు. పుట్టింది ఆ అడవిలోనే. ఆకు కదిలితే అది గాలికి కదిలిందో దుప్పికి కదిలిందో ఇట్టే చెప్పేవాడు. జీపులో ముందు కూర్చుని, "ఆడ సూడండి, ఆ రెండు బండల నడుమ" అనేవాడు. చూస్తే అక్కడ మూడో బండ తప్ప ఏమీ కనిపించేది కాదు. కాసేపటికి ఆ మూడో బండ చెవులాడించేది. జీపులో వాళ్లంతా ఊపిరి బిగబట్టేవాళ్లు. అప్పుడు వాళ్ల ముఖాలు చూడటమంటే ఈదన్నకు చెప్పలేనంత ఇష్టం. పులిని వందసార్లు చూసినవాడికి పులిలో ఏముంది, పులిని మొదటిసారి చూసేవాళ్లలోనే ఉంది వింతంతా.

అతనికి ఇంకో కోరిక కూడా ఉండేది. పర్మినెంటు కావాలని. ఆ ఫైలు పన్నెండేళ్ల కిందట బయలుదేరి, ఎన్నో బల్లలు తిరిగి, చివరికి రేంజి అధికారి తారకేశం బల్ల మీదికి చేరింది. జూన్ నెలాఖరుకు ఈదన్నకు వయసు దాటిపోతుంది. ఈలోగా ఒక్క మెమో కూడా లేకుండా ఉంటేనే ఆ ఫైలు మీద సంతకం పడుతుంది. ఇరవైరెండేళ్లలో ఈదన్నకు ఒక్క మెమో రాలేదు. వస్తుందన్న భయమూ అంతకుముందు లేదు.

ఇక ఆ మూడో వస్తువు సంగతి. ఆఫ్రికాలో జనం సొంత కార్లు తోలుకుంటూ అడవిలోకి వెళ్లి, జంతువుల్ని తామే వెతుక్కుని చూసి వస్తారట. ఇష్టం లేనివాళ్లు గైడుతో వెళ్తారట. మాఘం రాగానే సత్యానందప్రసాద్ గారు సుద్దవాగుకు వచ్చి, గేటు దగ్గర రిబ్బను కత్తిరించి ఇలా సెలవిచ్చారు.

"మార్గదర్శక సఫారీయా, స్వయంచోదక సఫారీయా అను వికల్పమును పర్యాటకుని ఎదుట ఉంచకుండా జంతువును మాత్రమే ఎదుట ఉంచుట బానిస మనస్తత్వమునకు నిదర్శనము. నేటి నుండి పర్యాటకుడు ముందు ఎంచుకొనును. తదుపరి చూచును."

ఆ రోజు నుంచి గేటు దగ్గర రెండు కిటికీలు వెలిశాయి. ఒకదాని మీద 'మార్గదర్శకం', రెండోదాని మీద 'స్వయంచోదకం' అని రాశారు. ఎంపిక అన్నది శాఖ ప్రాణమైపోయింది కాబట్టి ఏ ఫారం తీసినా అడుగున ఆ రెండు గళ్లు పెట్టారు. అటెండరు జ్వరమని సెలవు పెట్టుకుంటే, ఆస్పత్రికి మార్గదర్శకంగా వెళ్తున్నాడా, స్వయంచోదకంగా వెళ్తున్నాడా టిక్కు పెట్టేదాకా సెలవు మంజూరు కాలేదు. అప్పటికి జ్వరం తనంతట తానే పోయింది.

మొదటి రోజు మూడు కార్లు స్వయంచోదకంగా అడవిలోకి వెళ్లాయి. ఒకటి వాగులో దిగబడింది. ఒకటి అడవి దాటిపోయి పక్క జిల్లాలో తేలి, ఎవరిదో పెళ్లి పందిట్లో భోజనం చేసి వచ్చింది. మూడో కారువాళ్లు నాలుగు గంటలు తిరిగి తిరిగి బయల్దేరిన గేటుకే వచ్చి, అదేదో కొత్త అభయారణ్యమనుకుని మళ్లీ టిక్కెట్లు అడిగారు.

దాంతో భద్రత కోసం ప్రతి స్వయంచోదక కారులోనూ ఒక గైడు ఉండాలని రూలు వచ్చింది. గైడు ఉంటే అది మార్గదర్శకమే అవుతుంది కదా, అప్పుడు ఎంపిక ఎక్కడుందని సత్యానందప్రసాద్ గారికి సందేహం వచ్చింది. పది రోజులు ఆలోచించి ఆ సందేహాన్ని ఆయనే తీర్చేశారు.

తారకేశం ఈదన్నను గదిలోకి పిలిచి కొత్త సర్క్యులరు చదివి వినిపించాడు. తారకేశం చెడ్డవాడు కాదు. ఆరేళ్లలో రిటైరవుదామని, అప్పటిదాకా ఎవరి కంటా పడకూడదని బతుకుతున్న మనిషి.

"ఈదన్నా, రేపట్నించి నువ్వు స్వయంచోదక కార్లలో వెళ్తావు. నీ హోదా 'తటస్థ మార్గదర్శి'."

"అంటే యేం జేయాల సామీ?"

"ఏమీ చెయ్యకూడదు. రూలు నాలుగు. స్వయంచోదక వ్యక్తికి శాఖలో పనిచేసే వారెవ్వరూ దారి చూపరాదు. రూలు అయిదు. జంతువు ఉనికిని మాటతో గాని, వేలితో గాని తెలుపరాదు. రూలు ఆరు. అన్వేషణకు కాలపరిమితి లేదు. అంటే వాళ్లు ఎంతసేపు వెతుక్కున్నా నువ్వు తొందర పెట్టకూడదు."

ఈదన్న రూళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"పులి పక్కనే పోతాంటే?"

"పోనీ."

"వాళ్లు గుంతలోకి పోతాంటే?"

"గుంత వాళ్ల ఎంపిక."

"అయితే నన్నెందుకు ఎక్కించేది సామీ?"

"భద్రత కోసం" అన్నాడు తారకేశం. ఆ మాట అన్నాక ఆయనకే ఏదోలా అనిపించి ఫైలు తెరిచాడు. "చూడు, జూన్ దాకా ఓర్చుకో. నీ నోరు తెరుచుకుంటే ఈ ఫైలు మూసుకుంటుంది."

ఈదన్నకు చదువు అంతంత మాత్రం. కానీ విన్నదాన్ని మరిచిపోయేవాడు కాదు. పదకొండు రూళ్లూ ఆ పూటే నోటికొచ్చేశాయి. అడవిలో ఏ చెట్టు ఎక్కడుందో గుర్తున్నట్టే ఏ రూలు ఎక్కడుందో గుర్తుండిపోయింది.

వారం తిరక్కుండా గుంటూరు నుంచి హైమావతి, చలపతి దంపతులు వచ్చారు. హైమావతి బ్యాంకులో మేనేజరు. ఆవిడే కారు నడుపుతుంది. చలపతికి నడపడం రాదు గానీ నడిపేవాళ్లకు దారి చెప్పడం బాగా వచ్చు. కిటికీ దగ్గర గుమాస్తా ఎంపిక పత్రం ఇచ్చి, ముప్పావుగంట ఎంపిక గురించి అవగాహన కల్పించాడు.

"గైడుతో వెళ్తే పులి కనపడుద్దా?" హైమావతి అడిగింది.

"మార్గదర్శకంలో మార్గదర్శి చూపును. మీరు చూచెదరు. స్వయంచోదకంలో మీరే కనుగొనెదరు. మార్గదర్శి ఉండును, కాని చూపడు."

"మరి ఎందుకండీ ఉండటం?"

"మీరు ఒంటరి అనే భావన కలుగకుండా."

"ఎంతసేపట్లో రావాలి?" అన్నాడు చలపతి.

"అన్వేషణకు కాలపరిమితి లేదు."

ఇరవయ్యేళ్లుగా పులిని చూడాలని ఉన్న మనిషి హైమావతి. కానీ సొంత కారు, సొంత చేతులు అనేసరికి మనసు అటు లాగింది. రెండో గడిలో టిక్కు పెట్టింది. ఈదన్న వెనక సీట్లో సర్దుకున్నాడు.

ఆ రెండు గంటలూ ఈదన్నకు నరకం. కారులో అడవి గురించి అన్నీ తెలిసినవాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. ఏమీ తెలియని చలపతి మాత్రం "ఎడమకు తిప్పు. కాదు కాదు, నీ ఎడమ కాదు, నా ఎడమ" అంటూ ఆపకుండా దారి చెప్పాడు. మొగుడికి ఆ రూలు వర్తించదు. కుడి పక్క కొండగొర్రె, చెట్టు మీద గుడ్లగూబ, పొదలో ముళ్లపంది దాటిపోయాయి. ఆవిడ వెదురు బొంగుల్ని చూసి "ఎంత బావుందో" అంటూ సాగిపోయింది.

కుంట దగ్గర కారు ఆపి మంచినీళ్లు తాగుతుండగా, కారుకు వెనక పక్కగా ఈత పొదల కింద పెద్దపులి వచ్చి నిలబడింది. నిండు మగపులి. ఈదన్న దాన్ని ఏడాదిగా చూడలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. నోరు చెప్పినమాట వింది. వేలు వింది. కళ్లు వినలేదు. హైమావతి అద్దంలో తల సర్దుకోబోయి ఆ కళ్లు చూసింది. రెండూ రూపాయి బిళ్లల్లా ఉన్నాయి. ఆవిడ చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. పులి పొదలోకి పోతూ తోక చివర మాత్రం ఆవిడకు వదిలిపెట్టింది.

ఆ తోకకే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈదన్న ముఖం తిప్పుకున్నాడు. సంతోషంతో కొంత, భయంతో కొంత.

గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో హైమావతి మనస్ఫూర్తిగా ఇలా రాసింది. "మా గైడుగారు ఒక్క మాట మాట్లాడకపోయినా ఆయన కళ్లలోనే మాకు పులి కనిపించింది. ఆయనకు వెయ్యి నమస్కారాలు."

మంచి మనసుతో మనిషి కొంప ఇంతకంటే బాగా ముంచలేం. ఆ పుట నకలు రాజధానికి వెళ్లింది. 'నేత్రముల ద్వారా మార్గదర్శనము' అన్న కొత్త నేరం పుట్టింది. అప్పటికది నేరం కాదు కాబట్టి మెమో తప్పింది గానీ, ఈదన్నకు నల్లకళ్లద్దాలు వచ్చాయి.

కళ్లద్దాలు పెట్టాక టూరిస్టులు అతని గొంతు చూడటం మొదలెట్టారు. జంతువు దగ్గరికొస్తే గుటక పడుతుందని ఎవరో కనిపెట్టారు. మఫ్లరు వచ్చింది. చెవులు కదులుతాయన్నారు. మంకీ క్యాపు వచ్చింది. ఎటు తల తిప్పితే అటు కారు తిప్పుతున్నారని నివేదిక వెళ్తే, తటస్థ మార్గదర్శి వాహనంలో వెనుదిరిగి కూర్చోవలెనని పన్నెండో రూలు వచ్చింది. మార్చి ఎండలో మఫ్లరు, మంకీ క్యాపు, నల్లద్దాలతో కారు డిక్కీలో వెనక్కి తిరిగి కూర్చున్న ఈదన్నను చూసి, ఎవరో అడవి దొంగను పట్టుకుని తీసుకుపోతున్నారని టూరిస్టులు ఫోటోలు తీసుకునేవారు.

అవతలి కిటికీ వాళ్లూ సుఖపడలేదు. మార్గదర్శక జీపులో ఒక విశ్రాంత పోస్టుమాస్టరు, గైడు చూపించకముందే నెమలిని చూసేశాడు. పైగా "అదిగో నెమలి" అని బయటకు అనేశాడు. స్వయంచోదక హక్కును మార్గదర్శక టిక్కెట్టు మీద వాడుకున్నందుకు ఆయన చేత క్షమాపణ రాయించుకున్నారు. అప్పట్నించి ఆ జీపుల్లో గైడు చెప్పేదాకా అందరూ కళ్లు మూసుకోవాలి. పెద్దాయన మాత్రం పోతూ పోతూ, "నేనేం చూశానో నాకు తెలుసు" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఇంటికొస్తే ఈదన్న భార్య పోతమ్మ అడిగేది. "ఏమయ్యా, ఈ పొద్దు యేం జూపిచ్చినావు?"

"యేం లే."

"రేపు?"

"రేపూ యేం లే. జూను దాకా ఇంతే."

"పులి లెక్క తిరిగేవోడివి, బొమ్మ లెక్క అయితివి గదయ్యా" అని పోతమ్మ బాధపడేది. ఈదన్నకు ఆ మాట గుచ్చుకునేది. అయినా ఇరవైరెండేళ్లు ఒకెత్తు, ఈ మూడు నెలలు ఒకెత్తు అనుకుని ఊరుకునేవాడు.

ఏప్రిల్‌లో పక్క రాష్ట్రం నుంచి ఇద్దరు అధికారులు మన వికల్ప విధానాన్ని అధ్యయనం చేయడానికి వచ్చారు. సత్యానందప్రసాద్ గారు స్వయంగా వచ్చి, స్వయంచోదకంగా వాళ్లను తానే తీసుకెళ్తానన్నారు. అందుకోసం ఆఫ్రికాలో మాదిరి జీపు ఒకటి చేయించారు. దానికి పైకప్పు లేదు, తలుపుల్లేవు. ముందు ఆయన, పక్కన తారకేశం, వెనక అతిథులిద్దరూ. అందరికీ వెనక, వెనుదిరిగి ఈదన్న.

బయల్దేరేముందు తారకేశం ఈదన్న చెవిలో, అంటే మంకీ క్యాపులో చెప్పాడు. "జాగర్త. రూలు పదకొండు గుర్తుందిగా? అధికారులు పరీక్షార్థం ప్రశ్నలు అడగవచ్చును, జవాబు ఇయ్యరాదు. ఆయన నిన్ను పరీక్షిస్తారు. ఎట్టి పరిస్థితుల్లోనూ నోరు తెరవకు. ఎల్లుండి నీ ఫైలు ఆయన ముందు పెడుతున్నాను."

సాయంత్రం అయిదు దాటేసరికి దారి రెండుగా చీలిన చోట జీపు ఎడమకు తిరిగింది. ఈదన్న కళ్లకు అద్దాలున్నాయి, వీపు అటుంది. కానీ ముక్కుకు ఇంకా రూలు రాలేదు. ఇప్పపూల వాసన గుప్పుమంది. ఎడమ దారి వాగులోకి పోతుంది. వాగు ఒడ్డునంతా ఇప్ప చెట్లే. పూలు రాలే కాలం. పొద్దు వాలితే ఆ పూల కోసం ఎలుగుబంట్లు దిగుతాయి. పులికైనా దారి ఇచ్చి పోయే గుణముంది, ఎలుగుకు అదీ లేదు.

"ఈదన్నా, మనము సరియైన మార్గమున ఉన్నామా?" అన్నారు సత్యానందప్రసాద్ గారు.

ఈదన్న గొంతు దాకా వచ్చింది మాట. పరీక్ష అనుకున్నాడు. మింగేశాడు.

"భేష్" అన్నారు ఆయన అతిథులతో. "చూచితిరా తటస్థత!"

ఇంకో పావుగంటకు జీపు వాగు ఇసుకలో కూరుకుపోయింది. చక్రాలు తిరిగినకొద్దీ లోపలికే దిగాయి. ఇంజను కట్టేశాక అడవి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఎగువ ఒడ్డు మీద ఎవరో పెద్దమనిషి గుర్రు పెట్టి నిద్రపోతున్నట్టు వినిపించింది.

"ఎవరది?" అన్నాడొక అతిథి.

తారకేశం ముఖం తెల్లబోయింది. "ఎవరు కాదండీ, ఏది అనాలి."

"ఈదన్నా! ఇప్పుడు చెప్పుము. ఇది పరీక్ష కాదు" అన్నారు సత్యానందప్రసాద్ గారు.

పరీక్ష పెట్టేవాడు అదే కదా అంటాడు. ఈదన్న కదల్లేదు.

"నేను నీకు మౌఖికముగా ఆజ్ఞాపించుచున్నాను!"

ఇన్నేళ్ల సర్వీసు తారకేశం చేత, ప్రాణం పోతున్నా సరే, నిజం చెప్పించింది. "సార్, లిఖిత ఉత్తర్వును మౌఖిక ఉత్తర్వు రద్దు చేయలేదు. మీ సంతకమే ఉంది దాని మీద."

సత్యానందప్రసాద్ గారు టోపీ తీసి, దాని లోపలి అట్ట మీద సడలింపు ఉత్తర్వు రాశారు. దానికి నంబరు వేయాలి. నంబర్ల రిజిస్టరు ఆఫీసులో ఉంది. నంబరు లేని కాగితం కాగితమే కాదని ఆయనే అంతకు ముందు నెల ఒక సర్క్యులరు పంపి ఉన్నారు. ఎగువన గుర్రు ఆగిపోయి, ఎండుటాకుల మీద నడక మొదలైంది. ఒకటి కాదు, రెండు.

ఈదన్న లోపల్లోపల ఉడికిపోతున్నాడు. ఫైలు ఎల్లుండే. నోరు తెరిస్తే ఇరవైరెండేళ్లు వాగులో కలుస్తాయి. తెరవకపోతే నాలుగు ప్రాణాలు. ఎలుగు పట్టిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అతను చూశాడు. ఫైలు పోతే పోనీ అని మఫ్లరు మీద చేయి వేశాడు.

సరిగ్గా అప్పుడు తారకేశం చేతి గడియారం కీచుకీచుమంది. ఆరు గంటలైంది.

మఫ్లరు మీది చేయి ఒక్క క్షణం ఆగి, తర్వాత తీరిగ్గా పని మొదలుపెట్టింది. ఈదన్న మఫ్లరు విప్పాడు. మంకీ క్యాపు తీశాడు. నల్లద్దాలు మడిచాడు. మూడూ సీటు మీద పెట్టి, డ్యూటీ పుస్తకంలో ఆరు గంటలని వేసి, సంతకం చేసి, ఇసుకలోకి దిగాడు.

"వస్తా సామీ. డ్యూటీ అయిపాయ."

"ఎక్కడికి?" అన్నారు నలుగురూ ఒక్కసారే.

"ఇంటికి. పోతమ్మ ఎదురుసూస్తాంటాది."

"మరి మేము?"

"మీ ఇష్టం సామీ. స్వయంచోదకం గదా. నేనైతే ఎవురికీ దారి సూపీను."

అని, గాలి ఎటు వీస్తుందో చూసుకుని, వాగు దిగువగా నడిచాడు. ఎలుగుకు వాసన అందని వైపది. ఇంటికి అలవాటైన దారి అతనికి పదిహేను నిమిషాలు. ఆ రోజు గంట పట్టింది. కర్రతో రాళ్ల మీద గట్టిగా కొడుతూ, అవసరం లేని దగ్గు దగ్గుతూ నడిచాడు. మలుపు వచ్చినచోటల్లా చెప్పు తెగినట్టు వంగి, వెనక నాలుగు జతల బూట్లూ వినిపించేదాకా దాన్ని సవరించుకున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గూడెం చేరాక పోతమ్మ ఆ నలుగురికీ మజ్జిగ ఇచ్చింది. సత్యానందప్రసాద్ గారు మూడు గ్లాసులు తాగారు. టోపీ వాగులోనే ఉండిపోయింది.

విచారణ జరిగింది. విచారణాధికారి సత్యానందప్రసాద్ గారే.

"ఆ సాయంత్రము నీవు మాకు దారి చూపితివా?"

"లేదు సామీ. ఇంటికి పోతి."

"మేము వెంట వచ్చుచున్నామని నీకు తెలియునా?"

"టూరిస్టుల దిక్కు సూడగూడదని రూలు తొమ్మిది. సూళ్ళేదు."

"అంత నిదానముగా నడుచుటకు కారణము?"

"చెప్పు సరిగా లేదు సామీ."

ప్రత్యేకాధికారి దారి తప్పారని రాయడం కుదరదు కాబట్టి, ఆ సాయంత్రం 'స్వయంపాదక సఫారీ' అనే మూడో వికల్పం ప్రయోగాత్మకంగా జయప్రదమైందని నివేదికలో రాశారు. ఈదన్న తటస్థత అచంచలమని తేల్చారు. కింద ఇంకో ముఖ్యమైన మాట చేర్చారు. "నోటిని కట్టవచ్చును. కన్నులను కప్పవచ్చును. కాని తెలిసిన వానిలోని తెలివిడిని కట్టడి చేయుట దుస్సాధ్యము. కావున ఇకపై అడవి గురించి ఏమియు తెలియని వారినే తటస్థ మార్గదర్శులుగా నియమించవలెను."

అలా రాజధాని నుంచి ఒక టైపిస్టు వచ్చి ఈదన్న స్థానంలో చేరాడు. బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కే మనిషి. మొదటి రోజే అతని కేకకు అడవిలో జంతువులన్నీ బయటపడ్డాయి గానీ, అది మార్గదర్శనం కిందికి రాదని తీర్పు వచ్చింది.

ఈదన్నకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. మే నెల ఇరవైతొమ్మిదో తేదీన. తారకేశం సంతోషంగా చేతికిచ్చి, రెండో పేరా చదువుతూ ఆగిపోయాడు.

"ఏంది సామీ?"

"పోస్టు రాజధానిలో ఉందయ్యా. ప్రధాన కార్యాలయం, అయిదో అంతస్తు. తటస్థతా శిక్షకుడు. వచ్చేవాళ్లకు ఎలా మాట్లాడకూడదో నేర్పాలి. చేరేదాకా నువ్వు ప్రయాణంలో ఉన్నట్టు. జీతం ఇక్కడే ఇస్తాం."

ఈదన్న కూలబడిపోయాడు. పన్నెండేళ్లు ఎదురుచూసిన కాగితం చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని అడవి వదలాలి. వద్దంటే ఇరవైరెండేళ్లు వృథా. సరేనంటే మిగిలిన బతుకు వృథా. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తారకేశం కిటికీలోంచి బయటికి చూస్తూ, చేరికకు ఒప్పుకుంటున్నట్టు ఫారం మీద సంతకం చేయమని చేతికిచ్చాడు.

ఫారం అడుగున రెండు గళ్లున్నాయి. ప్రయాణ విధానము: మార్గదర్శకము, స్వయంచోదకము.

ఈదన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ గళ్ల మీద వేలు పెట్టాడు.

"సామీ, రూలు నాలుగు ఇంకా ఉండాదా?"

"ఉంది. స్వయంచోదక వ్యక్తికి శాఖలో ఎవరూ దారి చూపరాదు."

"రూలు ఆరు?"

"అన్వేషణకు కాలపరి..." తారకేశం ఆగాడు. ఈదన్న ముఖం చూశాడు. ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడకుండా బతుకుతున్న మనిషి, ఉద్యోగంలో మొదటిసారిగా ఒక పని ఇష్టంగా చేశాడు. తన జేబులోని పెన్ను తీసి మూత విప్పి ఇచ్చాడు.

ఈదన్న రెండో గడిలో టిక్కు పెట్టాడు.

అప్పట్నించి ప్రతి ఉదయం ఈదన్న సంచీలో సద్ది కట్టుకుని, పర్మినెంటు ఆర్డరు జేబులో పెట్టుకుని, రాజధానికి బయల్దేరుతున్నాడు. ఒక రోజు కుంట వైపు వెతుకుతాడు. ఒక రోజు కొండ వైపు. సాయంత్రానికి రాజధాని దొరక్కపోవడంతో ఇంటికి వస్తాడు. పోతమ్మ "ఈ పొద్దు యాడిదాకా పోతివయ్యా?" అంటే ఓపిగ్గా అన్నీ చెప్తాడు. అయిదో అంతస్తు నుంచి నెలకొక ఉత్తరం వస్తోంది. 'శిక్షకుడు ఇంకను చేరలేదేల?' తారకేశం నెలకొక జవాబు పంపిస్తున్నాడు. 'మార్గాన్వేషణలో ఉన్నారు.' అక్కడ ఇద్దరు గుమాస్తాలు ఆ జవాబులకు ప్రత్యేకంగా ఒక ఫైలు తెరిచారు.

అక్టోబరులో హైమావతి, చలపతి మళ్లీ వచ్చారు. ఈసారి కిటికీ దగ్గర ఎంపికకు ముప్పావుగంట పట్టలేదు. వచ్చేవాళ్లంతా ఇప్పుడు స్వయంచోదకమే అడుగుతున్నారు. గేటు దాటగానే సంచీ భుజాన వేసుకుని నడిచిపోతున్న మనిషి ఒకడు కనిపిస్తాడు. అతను ఎవరినీ చూడడు, ఎవరికీ దారి చూపడు. తన ఉద్యోగానికి తాను పోతుంటాడు. అతని వెనక కార్లు వెళ్లకూడదని మాత్రం ఏ రూలూ లేదు.

"కుడికి తిప్పు" అన్నాడు చలపతి.

"మీరు నోరు మూసుకోండి" అంది హైమావతి.

కుంట దగ్గర ఈదన్న ఆగాడు. వెనక తొమ్మిది కార్లు ఆగాయి. ఈదన్న సంచీ దింపి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఈత పొదల వైపు చూస్తూ, అడవిలో ఒంటరిగా తిరిగేవాళ్లు అప్పుడప్పుడు మాట్లాడుకున్నట్టే తనతో తాను, కాకపోతే కాస్త గట్టిగా మాట్లాడుకున్నాడు.

"ఇది రాజధాని మాదిరి లేదే. అద్దో, ఆ ఎండిన పొద కింద తల ఉండాది. తోక ఇటు పక్క. నిండు మగపులి. లేస్తాది, ఇప్పుడే లేస్తాది..."

లేచింది. ఆసాంతం, తల నుంచి తోక దాకా.

ఈదన్న వెనక్కి తిరిగి హైమావతి ముఖం చూశాడు. అప్పుడు అతను డ్యూటీలో లేడు, ప్రయాణంలో ఉన్నాడు.